అంట్లు కట్టే చెయ్యి

"మా ఇంట్లో పని పంపకాలు ఎప్పుడో అయిపోయాయండీ. అంట్లు కట్టేది నేను, అంట్లు తోమేది మా ఆవిడ."

ఫోనులో మొక్కల గ్రూపుకి పంపిన జోకును ఆయన ఇంట్లోవాళ్ల కోసం మళ్లీ పైకి చదివాడు. చదివి, వినేవాళ్లకు సందివ్వకుండా తనే ముందు నవ్వాడు. కుర్చీలో కూర్చుని మోకాలికి కాపడం పెట్టుకుంటున్న అత్తగారు "భలే రాశావురా" అని నవ్వింది. వంటింట్లో సింకు ముందు మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడ్డ ఆమె కూడా నవ్వింది.

నవ్వు నాలుగు విధాల చేటంటారు. మిగిలిన మూడు విధాల మాటెలా ఉన్నా, ఆ నవ్వు ఆగగానే ఆమె నోట్లో పుల్లటి నీళ్లూరాయి. చేతిలో ఉన్నది ఆయన తిని వదిలేసిన పళ్లెం. అందులోనే చేయి కడిగాడు, అందులోనే పుక్కిలించి ఊశాడు. ఆ నీళ్లలో నమిలి పారేసిన పీచు, రెండు మెతుకులు, ఒక మీసం వెంట్రుక తేలుతున్నాయి. పద్దెనిమిదేళ్లుగా రోజుకు మూడుసార్లు ఎత్తుతున్న పళ్లెమే అది. కాపురానికి వచ్చిన మొదటి వారంలో ఇలాగే అయి పక్కకు తిరిగితే, "మొగుడి ఎంగిలికి రోతేమిటే?" అని అత్తగారు తేల్చేసింది. ఆ తర్వాత ఆ రోతకు ఈ ఇంట్లో చోటు లేకుండా పోయింది. ఎక్కడ దాక్కుందో ఏమో, ఇవాళ మళ్లీ బయటికొచ్చింది. ఆయన మీద వచ్చిన రోత ఒక ఎత్తు, ఆయన జోకుకు తాళం వేసిన తన నవ్వు మీద వచ్చిన రోత ఒక ఎత్తు. రెండోదే ఎక్కువగా ఉంది.

ఆ గ్రూపు పేరు పెరటి మిత్రులు. నూట ఎనభై మంది ఉంటారు. ఎవరింట్లో ఏ మొక్క పూసినా, ఏ పాదు పాకినా, పెరట్లో ఎవరు నాలుగు రాళ్లు పరిచి బాట వేసుకున్నా పొద్దున్నే ఫొటో పెడతారు, మిగిలినవాళ్లు చప్పట్లు కొడతారు. టమాటాలు తప్ప మరొకటి పండించని టమాటా పిన్ని ఉంది. ఒకే కాక్టస్‌ను మూడేళ్లుగా రోజూ ఫొటో తీసి పెట్టే కాక్టస్ మాస్టారు ఉన్నాడు. అది పెరిగిందో లేదో ఆయనకూ తెలియదు, దానికీ తెలియదు. వీళ్లందరిలో మకుటం లేని మహారాజు మాత్రం ఆమె మొగుడే. ఒకే మొక్క మీద ఎరుపు, పసుపు, తెలుపు గులాబీలు పూయించిన మనిషని అక్కడ ఆయన్ని గులాబీ సార్ అంటారు.

గులాబీ సార్ గోళ్లలో మట్టి ఎవరూ చూడలేదు. ఉంటేగా చూడడానికి.

మూడేళ్ల కిందట అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆమె కళ్లద్దాల షాపులో ఉద్యోగం మానేసింది. మానేసిందనడం కంటే, "అమ్మని ఎవరు చూసుకుంటారు?" అని ఆయన అడిగాడు, ఆ ప్రశ్నకు ఇంట్లో ఒకటే జవాబు ఉంది, అంతే. షాపులో ఆమెది సన్నపని. అద్దాన్ని అరగదీసి వెంట్రుకవాసి తేడా రాకుండా ఫ్రేములోకి దించాలి. ఆ పని ఆమె చేసినంత నాజూగ్గా ఇంకెవరూ చేయలేరని ఓనరే చెప్పేవాడు. చెప్పి, సాయంత్రం కాగానే, "ఆడమనిషివి ఉన్నావు గదమ్మా, ఆ టీ గ్లాసులు ఓసారి కడిగి పెట్టెయ్" అనేవాడు. షాపులో ఇంకో ముగ్గురు మగవాళ్లు ఉండేవారు. వాళ్ల చేతులకేం రోగమో ఆమె ఏనాడూ అడగలేదు. ఉద్యోగం పోయినందుకు బాధపడింది గానీ, ఆ గ్లాసుల అడుగున ఎండిపోయిన టీ చారికలు, వాటిలో ఆర్పిన సిగరెట్ పీకలు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంట్లో కూర్చున్నాక, సన్నపనికి అలవాటైన ఆ వేళ్లకు ఏమీ తోచలేదు. వెనక పెరడంటే అప్పటికి పగిలిన ఇటుకలు, తుప్పు రేకులు, మోకాలెత్తు పిచ్చిమొక్కలు. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే గంటన్నరలో ఆమె రోజుకో మంచం మేర బాగుచేసింది. ఆ ఇటుకలనే పరిచి బాట వేసింది. మూలన డ్రమ్ము పెట్టి వంటింటి చెత్తతో ఎరువు చేసింది. తర్వాత అంట్ల పిచ్చి పట్టుకుంది. నాటు గులాబీ కాండం మీద బెరడును బ్లేడుతో గీసి, నెమ్మదిగా విప్పి, మంచి గులాబీ కొమ్మ నుంచి ఒలిచిన, మొలకెత్తే చిన్న కన్నును అందులోకి జార్చి, టేపుతో బిగించి కట్టాలి. కన్ను ఎండకూడదు, కుళ్లకూడదు. మొదట కట్టిన ఇరవై ఏడూ చచ్చాయి. "పుల్లలకి కట్లు కట్టే డాక్టరమ్మ" అని ఆయన అన్నం తింటూ వెక్కిరించేవాడు. ఇరవై ఎనిమిదోది బతికింది. ఆవగింజంత ఎర్రటి మొలక టేపు పక్కనుంచి తొంగి చూసిన రోజు, ఆ మొక్క పక్కనే కూలబడి ఆమె కాసేపు ఏడ్చింది.

మొదటి పువ్వు పూసిన రోజు ఆయన ఫొటో తీసుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. "తవ్వాను, నాటాను, అంటు కట్టాను" అని, ఉన్న క్రియలన్నిటికీ చివర ఒక 'ను' తగిలించి గ్రూపులో పెట్టాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ రోజు ఆమె ఊరుకుంది. మన పెరటి పువ్వును నలుగురూ మెచ్చుకుంటున్నారు కదా, ఎవరి పేరైతేనేం అనుకుంది. ఇలా అనుకోవడంలో ఆమెకు పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది.

జోకు పెట్టిన ఆదివారమే, అంట్లు అయ్యాక, ఆయన ఆమెను పెరట్లోకి పిలిచాడు.

"ఇదిగో, పార పట్టుకుని తవ్వుతున్నట్టు ఒక ఫొటో తియ్యి. మొహం మీద ఎండ పడాలి."

పార మరీ శుభ్రంగా ఉందని ఆయనకే తట్టింది. చేతులు చూసుకున్నాడు. అవీ అంతే. "కాస్త మట్టి రాయవే" అని రెండు చేతులూ చాపాడు. ఆమె వంగి తడిమట్టి తీసి ఆయన అరచేతులకు, వేళ్ల సందులకు రాసింది. పెళ్లికొడుకును చేస్తున్నట్టుంది. ఆయన మొహం చిట్లించుకుని, "అబ్బ, కంపు. నీ డ్రమ్ములోదా ఇది?" అన్నాడు. నిన్ననే కదా, "నా ఎరువు పట్టుకుంటే తొలకరి వాసన వేస్తుంది" అని గ్రూపులో రాశాడు! ఫొటో తీయించుకున్నాడు. తీయించుకుని, నీళ్ల పంపు నాలుగడుగుల దూరంలో ఉండగా, ఆమె కొంగు లాక్కుని చేతులు తుడుచుకున్నాడు. తర్వాత లేత మొలకల తొట్టి అంచు మీద కాలు పెట్టి, అలవాటుగా అందులోనే ఉమ్మేశాడు.

ఎరువు డ్రమ్ములో పురుగులు లుకలుకలాడుతుంటాయి. ఆమె రోజూ ఉత్త చేతులతోనే కలుపుతుంది. కుళ్లిన తొక్కల మీద, బూజు మీద, బొద్దుగా తెల్లగా ఉండే ఆ పురుగుల మీద ఆమెకు ఏనాడూ అసహ్యం కలగలేదు. వాటి పని అవి చేసుకుంటాయి. ఎవరి పనీ తమదని చెప్పుకోవు. ఆ లేత మొలక మీద జారుతున్న ఉమ్మిని చూస్తే మాత్రం ఆమెకు రోత పుట్టింది.

ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అప్పుడే ఒక సందేశం వచ్చింది. నర్సరీ అక్క దగ్గర్నుంచి. గ్రూపులో సలహాలు చెప్పే పెద్దదిక్కు ఆవిడే. ముప్ఫై ఏళ్లుగా నర్సరీ నడుపుతోంది.

'సార్, పోయిన వారం అడిగితే మీకు ఉద్యోగం ఉంది, వీలుకాదన్నారు. మా అంట్ల షెడ్డు చూసుకోవడానికి ఇంకా మనిషి దొరకలేదు. మీ గులాబీల కట్టు చూశాను, నాకు అలాంటి చెయ్యే కావాలి. పోనీ ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పండి, వాళ్లనైనా అడుగుతాను.'

ఆమె ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. ఒక్కసారిగా ఊపిరి ఆడినట్టయింది. ఆ చెయ్యి తనది. ఎవరో ఒక మనిషి ఫొటోలో కట్టు మాత్రమే చూసి, ఆ చెయ్యి కావాలంటోంది. వెంటనే దాని పైనే, ఆయన పొద్దున ఇచ్చిన జవాబు కళ్లబడింది. ఆవిడ ఇదే మాట అంతకుముందు కూడా అడిగినట్టుంది.

'నేనే సొంతంగా నేర్చుకున్నానమ్మా. ఇంకెవరూ లేరు.'

ఇంకెవరూ లేరు. అక్కడే, ఆయనకు మట్టి రాసిన చేత్తోనే, ఆ రెండు మాటలూ మళ్లీ చదివింది.

"నర్సరీలో పనికి అడిగారట. నాతో అనలేదేం?" అని అడిగింది.

"నీతో ఏమనాలి? నన్నడిగారు. నేను ఆఫీసు మానేసి మట్టి పిసుక్కుంటానా?"

"నేను చేస్తాను కదా."

ఆయన ఆగి, ఆమెను కింది నుంచి పైదాకా చూసి నవ్వాడు. "నువ్వా? పెరట్లో నాలుగు పుల్లలకి కట్టు కడితే నర్సరీ నడిపేసినట్టేనా? అమ్మ మోకాలెవరు చూస్తారు? ఇల్లెవరు చూస్తారు? అయినా, ఇప్పుడు అవన్నీ మా ఆవిడ కట్టిందని చెప్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

లోపల్నించి అత్తగారు అందుకుంది. "మొగుడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదుటే? ఆడదానికి వేరే పేరెందుకు?"

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? ఆమె ఫోను ఇచ్చేసి, కొంగు విప్పి ఆ మట్టి మరకను ఉతకబోయి, ఎందుకో అలాగే వదిలేసింది.

బుధవారం ఆయన ఇంకో ఫొటో పెట్టాడు. మూడు రంగుల గులాబీ మొదట్లోంచి ఒక కొమ్మ ఏపుగా, నిటారుగా, నడుమెత్తు లేచింది. "నా అంటు బలం చూడండి!" అని రాశాడు. ఆ కొమ్మను ఆమె రెండు వారాలుగా తీసేస్తానంటోంది. "అది అంటు కాదండీ, కింది నుంచి వచ్చిన పిలక. ఉంచితే పైనున్నవాటిని చంపేస్తుంది" అని చెబితే, "ఇంత బలంగా ఉన్నదాన్ని తీసేస్తావా? నా పేరు చూసి కుళ్లుకుంటున్నావు. దాన్ని ముట్టుకుంటే ఊరుకోను" అన్నాడు. గ్రూపులో టమాటా పిన్ని చప్పట్లు కొట్టింది. కాక్టస్ మాస్టారు దండం పెట్టాడు. నర్సరీ అక్క ఒక్కతే, 'ఆదివారం వచ్చి కళ్లారా చూస్తాను సార్' అని రాసింది. అదే సాకుగా ఇంకో పదిహేను మంది బయల్దేరారు.

ఆదివారం పదింటికల్లా పెరడు నిండిపోయింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు నడుస్తూ, ఇటుకల బాట ఎలా పరిచాడో, ఎరువు ఎలా కలిపాడో వర్ణిస్తున్నాడు. ఆమె వంటింట్లో టీ కాస్తోంది. పదహారు కప్పులు, పదహారు పళ్లాలు, చిరుతిళ్ల గిన్నెలు, వడగట్టే గుడ్డ. కిటికీలోంచి మాటలు వినబడుతున్నాయి. ఎవరో, "మేడమ్‌కి కూడా మొక్కలంటే ఇష్టమేనా సార్?" అని అడిగారు. "ఆవిడది వేరే డిపార్టుమెంటండీ. అంట్లే, కానీ వేరే అంట్లు" అన్నాడు. మళ్లీ అదే జోకు, మళ్లీ అదే నవ్వు. పాచిపోయిన కూరను వేడి చేసి వడ్డించినట్టుంది. ఈసారి ఆమె నవ్వలేదు. నవ్వకుండా ఉండడం ఇంత తేలికని తెలియక ఇన్నాళ్లూ నవ్విందా అనిపించింది.

"ఈ కొమ్మనెందుకు ఉంచారు సార్?" అన్న గొంతు కూడా వినబడింది.

"అదే కదమ్మా నా అంటు! ఎంత ఏపుగా ఉందో చూశారా?"

 కాసేపటికి ఆ గొంతు మనిషే, కాటన్ చీర కట్టిన లావుపాటి నర్సరీ అక్క, ఖాళీ కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పగుళ్లు బారిన వేళ్లు, చూపుడువేలికి చుట్టిన పచ్చటేపు ముక్క. ఆమె కప్పు అందుకోబోతే నర్సరీ అక్క కప్పు ఇవ్వలేదు. ఆవిడ ఆమె ఎడమ చేతినే చూస్తోంది.

"ఆ బొటనవేలు ఇటు చూపించమ్మా."

ఆమె సబ్బునీళ్లు తుడుచుకుని చూపించింది. బొటనవేలి కండ మీద సన్నటి గీతలు, అడ్డదిడ్డంగా, పాతవీ కొత్తవీ. కన్ను ఒలిచేటప్పుడు బ్లేడు కొమ్మను దాటి వచ్చి ఆగేది అక్కడే. నర్సరీ అక్క కప్పు పక్కన పెట్టి తన ఎడమ బొటనవేలు దాని పక్కన పెట్టింది. అదే వేలు, అవే గీతలు. ఇంకా దట్టంగా ఉన్నాయి.

"ఎన్నాళ్లుగా కడుతున్నావు?"

"మూడేళ్లుగా."

"మీ ఆయన్ని అడిగితే వీలుకాదన్నాడు. ఎవరు నేర్పారంటే ఎవరూ లేరన్నాడు."

"నన్నెవరూ అడగలేదండి."

"ఇప్పుడు అడుగుతున్నాను. వస్తావా?"

స్టవ్ మీద రెండో విడత టీ పొంగింది. ఆమె మంట తగ్గించింది. వస్తానంటే ఏమవుతుందో అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. ఆయన అరుపులు, అత్తగారి మోకాలు, మాట్లాడకుండా గడిచే నెలలు. రానంటే ఏమవుతుందో కూడా తిరిగింది. ఆ పళ్లెం, అందులో నీళ్లు. పద్దెనిమిదేళ్లు అయ్యాయి, ఇంకో పద్దెనిమిదేళ్లు.

"ఎన్నింటికి రావాలి?" అంది.

"ఎనిమిదింటికి. బ్లేడు నీదే తెచ్చుకో, అలవాటైన బ్లేడుతోనే చెయ్యి కుదురుతుంది."

ఆమె స్టవ్ కట్టేసి, కొంగు దోపుకుని, పెరట్లోకి వెళ్లింది.  మూడు రంగుల గులాబీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, మొదట్లో మట్టి వేళ్లతో తోడింది. ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఏయ్, ఏం చేస్తున్నావు? దాన్ని ముట్టుకోకన్నానా!" అని అరిచాడు. అప్పటికే ఆమె పిలకను వేరు దగ్గర పట్టుకుంది. కోస్తే మళ్లీ మొలుస్తుంది, పుట్టిన చోటు నుంచి ఊడపెరకాలి. ఒక్క గుంజు గుంజింది. గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది.

"అయ్యో, అంత బలమైన కొమ్మను..." అన్నాడు కాక్టస్ మాస్టారు.

"ఇది అంటు కాదు సార్" అంది ఆమె. పదహారు మందికీ కనబడేలా కాండం మీద వేలు పెట్టింది. "అంటు కట్టిన చోటు ఇదిగో, పైన. ఇది దాని కింద నుంచి వచ్చింది. ఆకుకి ఏడు రెక్కలున్నాయి చూడండి, పైనున్నవాటికి ఐదే. వేరు నుంచి వచ్చేదంతా ఇదే తాగేసి ఏపుగా పెరుగుతుంది. చూడ్డానికి బాగుంటుంది. మనకి కావాల్సిన పువ్వు మాత్రం ఒక్కటీ పూయదు."

టమాటా పిన్ని పిలకను చేతిలోకి తీసుకుని రెక్కలు లెక్కపెట్టింది. పెట్టి, ఆమె మట్టి గోళ్లు చూసింది, గులాబీ సార్ ఇస్త్రీ చొక్కా చూసింది.  నర్సరీ అక్క మాత్రం, "గట్టిగా పెరికావు, ఇక రాదు" అంది. వచ్చినవాళ్లు రెండో టీ తాగకుండానే ఒక్కొక్కరే సర్దుకున్నారు.

గేటు పడగానే ఆయన మొదలుపెట్టాడు. పరువన్నాడు, నమ్మకద్రోహమన్నాడు, నలుగురిలో తన నోట్లో మట్టి కొట్టావన్నాడు. ఆయన చేతులకే కాదు, నోటికి కూడా మట్టి తన చేత్తోనే అందాలి కాబోలు అనుకుంది ఆమె. ఆయన నోటి మూలల్లో తెల్లటి నురగ చేరింది. చిరుతిండి తునక ఒకటి మీసానికి అంటుకుని మాటతో పాటు కదులుతోంది. ఆమె దాన్నే చూస్తూ విన్నది. భయం వేస్తుందేమోనని ఎదురుచూసింది. వేయలేదు. పద్దెనిమిదేళ్లుగా తను భయం అనుకుంటున్నదాంట్లో సగం రోతేనని ఇప్పుడు తెలుస్తోంది. భయపడే మనిషి ఆ ఇంట్లోనే ముడుచుకుని ఉండిపోతుంది. రోత పుట్టినదాన్ని ఎవరూ ఎక్కువసేపు చేత్తో పట్టుకోలేరు.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు చెప్పింది. "రేపట్నుంచి ఎనిమిదింటికి నర్సరీకి వెళ్తున్నాను. పనికి."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అత్తగారు కాపడం గుడ్డ వదిలేసి, గోడ పట్టుకుని లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. సింకు నిండా పదహారు కప్పులు, పదహారు పళ్లాలు, అడుగంటిన టీ గిన్నె. మొదటి ఈగ అప్పుడే వాలింది. ఆవిడ వాటి వంక చూసి, కోడలి వంక చూసి, నిజంగానే దిక్కుతోచక అడిగింది.

"మరి అంట్లో?"

ఆమె అలమార్లోంచి తన బ్లేడు, టేపు చుట్ట తీసి సంచిలో వేసుకుంది.

"అంట్ల కోసమే అత్తయ్యా, వెళ్తున్నది."